సముద్రమునకు పల్లమున నిలిచిన నగరము

ఐరోపాఖండపు వాయవ్యకోణమున, ఉత్తర సముద్రపు టొడ్డున, నెదర్లాండ్సు అను చిన్న దేశమున్నది. ఆ పేరునకు పల్లపు నేలలని యర్థము. మనము దానిని హాలెండనియు, అచటి జనులను డచ్చివారనియు అందుము. మన తీరప్రాంతపు పూర్వులు మాత్రము వారిని వలందావారని పిలిచెడివారు. బందరులో వలందపాలెమను పేట యిప్పటికిని గలదు. ఆ దేశపు రాజధాని యగు ఆమ్‌స్టర్‌డాము కాలువల నగరమని లోకప్రసిద్ధి గాంచినది. 2024వ సంవత్సరము మే నెలలో నా సహధర్మచారిణియు నేనును అందు ఎనిమిది దినములు గడపితిమి. నేను ముప్పదియొక్క యేండ్లు కృష్ణా డెల్టా కాలువలమీద ఉద్యోగము చేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఆమె పెడనలో పుట్టి, అద్దకపు బల్లల నడుమ పెరిగినది. విహారమునకై పోయిన మాకిద్దఱకును అచట మా మా వృత్తులే ఎదురుపడినవి. సముద్రముకంటె పల్లమున నున్న ఆ నగరము ఏడు వందల యేండ్లకు పైగా ఎట్లు నిలిచియున్నదో, దానిని మోయుచున్న దేమియో మీకు మనవి చేసెదను.

మా విమానము దిగిన స్కిపోల్ అను చోటు సముద్రమట్టమునకు సుమారు మూడు మీటర్లు దిగువ. అది యొకప్పుడు హార్లెమ్మెర్‌మేర్ అను మహాసరస్సు. 1836లో వచ్చిన గాలివానకు దాని నీరు పొంగి ఆమ్‌స్టర్‌డాము వాకిళ్లవఱకు వచ్చినది. అంతట ఆ ప్రభుత్వమువారు సరస్సు చుట్టును కట్ట వేసి, కట్ట వెలుపల కాలువ త్రవ్వి, మూడు చోట్ల ఆవిరియంత్రముల పంపులు నిలిపి, 1849 మొదలు 1852 వఱకు నీటిని తోడి పాఱబోసిరి. దాదాపు 45 వేల యెకరముల భూమి బయల్పడినది. ఇది విని నా భార్య, “ఏమండీ, మనము చెఱువు గర్భములో దిగితిమా!” అని యాశ్చర్యపడెను. అవును, చెఱువు గర్భమే. పంపులు నిలిచినచో మరల చెఱువే యగును.

నగరమున్న చోట పూర్వము గట్టినేల యనదగినది లేదు. గడ్డియు నాచును వేలకొలది యేండ్లు నీటిలో పూర్తిగా కుళ్లక పేరుకొనగా ఏర్పడిన పీటు అను మెత్తని నేల యది. తడిగా నున్నంతకాలము ఉబ్బియుండును. నీరు తీసి ఆరబెట్టినచో కుంగిపోవును. సుమారు వేయి యేండ్లకు పూర్వము రైతులు సేద్యమునకై అందు బోదెలు త్రవ్వి నీరు దిగలాగిరి. పంట పండినది, కాని నేల కుంగినది. కుంగినకొలది బోదెలను లోతు చేసిరి; నేల మఱింత కుంగినది. తుదకు పొలము నదికంటెను సముద్రముకంటెను పల్లమై, కట్టలు వేసి నీరు తోడుకొననిదే బ్రదుకు సాగని స్థితి వచ్చినది. మనము చిత్రములలో చూచు గాలిమరలు అందులో పెక్కు ఈ తోడుటకై పుట్టినవే. నాగలితో తెచ్చుకొన్న చిక్కును తరతరములుగా విప్పుకొనుచు వచ్చుటయే డచ్చి రైతు చరిత్రమని నాకు తోచినది.

అట్టి నేలలో ఆమ్‌స్టెల్ అను చిన్న నది సముద్రపుపాయలో కలియుచోట పదుమూడవ శతాబ్దమున జనులు ఆనకట్ట కట్టిరి. డామ్ అనగా కట్ట. ఆమ్‌స్టెల్ మీది కట్ట గనుక ఆ పేరు. ఆ కట్టదగ్గఱ నివసించువారికి సుంకము మాఫీ చేయుచు 1275లో ఐదవ ఫ్లోరిస్ అను ప్రభువిచ్చిన శాసనములో ఊరి పేరు మొదటిసారి కాన్పించుచున్నది.

మెత్తని నేలమీద మేడలు నిలుచుటెట్లు? పైనున్న పీటును బంకమట్టిని దాటి, పండ్రెండు మీటర్ల ప్రాంతమున ఇసుక పొర యొకటి గలదు. అంతవఱకు దేవదారు జాతి మ్రాకుల గుంజలను తలక్రిందుగా దిగగొట్టి, వానిమీద అడ్డుపలకలు పఱచి గోడలు లేపిరి. యంత్రములు లేని దినములలో పదులకొలది మనుష్యులు మోకులు పట్టి, బరువైన దిమ్మెను పై కెత్తి విడుచుచు, పాటలు పాడుచు ఆ పని చేసెడివారు. 1648లో పునాది వేసి 1655లో తెఱచిన నగరమందిరము, ఇప్పుడు రాజమందిరము, 13,659 గుంజలమీద నిలిచియున్నది. అచటి బడిపిల్లలు ఆ సంఖ్యను గుర్తుంచుకొను విధము చక్కనిది: ఏడాదికి దినములు 365, ముందొకటి, వెనుక తొమ్మిది చేర్చిన సరి.

కొయ్య నీటిలో నానియున్నంతవఱకు చెడదు. దానిని తినివేయు క్రిములకు గాలి కావలెను. భూగర్భజలము తగ్గి గుంజల తలలకు గాలి సోకినచో పుచ్చుపట్టును, ఇల్లు ఒరగును. కావున ఆ నగరమునకు నీరు హెచ్చినను ముప్పే, తగ్గినను ముప్పే. మన కాలువలలో అడుగు హెచ్చుతగ్గులను రైతు సహించును. అచట కొన్ని అంగుళములకే లెక్క చెప్పవలసియుండును.

నగరమునకు అందమిచ్చిన కాలువల వలయము 1613లో ఆరంభింపబడినది. తూర్పుదేశపు వర్తకముతో సొమ్మును, పరస్థలముల నుండి జనమును వెల్లువగా వచ్చినవి. 1570 ప్రాంతమున 30 వేలున్న జనసంఖ్య 1700 నాటికి రెండు లక్షలు దాటినది. పాత కోటకందకము చుట్టును, ఒకదాని వెలుపల నొకటిగా, పెద్దమనుష్యుల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుని కాలువ యని మూడింటిని అర్ధచంద్రాకృతిగా త్రవ్విరి. త్రవ్విన మట్టిని గట్టులకు వేసి ఎత్తు చేసి, ఆ స్థలములను వేలము వేసి ఖర్చు రాబట్టుకొనిరి. కాలువవైపు మొగము చాల ఇఱుకు, లోపలికి మిక్కిలి పొడవు. పడవలో వచ్చిన మిరియములును బట్టలును నేరుగా ఇంటి అటుకకే చేరునట్లు, ప్రతియింటి శిఖరమునను ఒక దూలము ముందునకు పొడుచుకొని వచ్చి, దానికి కొక్కెము వ్రేలాడుచుండును. అనేక గృహములు పైభాగమున వీధివైపునకు కొంచెము వంగియుండును. ఎత్తు బరువు గోడకు తగులకుండుటకని చెప్పుదురు. ఆ కొక్కెములు నేటికిని పని చేయుచున్నవి. ఇంటిలోపలి మెట్లు నిచ్చెనవంటివి గనుక మంచములు, బీరువాలు కిటికీలలోనుండియే పోవలెను. మా బస మూడవ అంతస్తు. మోకాళ్ల నొప్పిగల నా భార్య మొదటినాడే, తన్నును ఆ కొక్కెముతో ఎత్తింపుమని పరిహాసమాడినది. వృద్ధులు పోదలచినచో నేల అంతస్తులోనే బస కుదుర్చుకొనుట మేలు.

మేము దినమునకొక కాలువ గట్టున నడచితిమి. సైకిళ్లతో మిగుల జాగ్రత్త వహింపవలెను. అవి గంట కొట్టుటయే తడవు, మీదికి వచ్చును. ఏటేట వేలకొలది సైకిళ్లు కాలువలో పడుననియు, ఇనుప గోళ్లు గల పడవతో వానిని పైకి లాగుదురనియు విని నాకు నవ్వు వచ్చినది. మన కాలువలలో ఏమేమి పడునో నేనెఱుగుదును గదా! ఒక పడవలో ఇల్లులేని పిల్లులకు ఆశ్రమము నడుపుచున్నారు. దానిని నా భార్య రెండుసార్లు చూచినది.

నా మనస్సు లాకులమీద నుండెను. ఆమ్‌స్టెల్ నదిమీద 1673 ప్రాంతమున కట్టిన లాకులు ఇప్పటికిని ఉన్నవి. పూర్వము ఇండ్ల మురుగంతయు కాలువలలోనికే పోయెడిది. వేసవిలో దుర్గంధము భరింపలేక ధనికులు పల్లెలలోని తోటబంగళాలకు తరలిపోవుచుండిరట. సామాన్యులు అందే యుండిరి. మురుగుగొట్టములు ఊరంతటికిని అమరుటకు ఇరువదవ శతాబ్దపు చివరిభాగము పట్టినది. నేటికిని కొన్ని రాత్రులయందు చుట్టునున్న లాకుల తలుపులను మూసి, తూర్పున నున్న మంచినీటి సరస్సునుండి క్రొత్తనీరు పంపి, పాతనీటిని పడమటివైపు సముద్రపు దారి పట్టింతురు. ఒక సాయంకాలము తలుపులు మూయుట కచటికి వచ్చిన ఉద్యోగి, నేను చాలసేపు నిలిచియుండుట చూచి కారణమడిగెను. నా పూర్వోద్యోగము చెప్పగానే అతడు కరచాలనము చేసి, తలుపు అంచున నీరు కారు స్థలము చూపెను. లాకు ఎచటనైనను అచ్చోటనే కారును.

కాలువనీటిమట్టమును ప్రామాణికమట్టమునకు 40 సెంటీమీటర్లు దిగువను నిలుపుదురు. ఆ ప్రామాణికమునకు గల చరిత్ర ఘనమైనది. 1675లో వరద వచ్చిన పిమ్మట, గణితశాస్త్రవేత్తయు నగరాధ్యక్షుడునగు యోహన్నెస్ హుడ్డె, సముద్రపు కరకట్ట ఎంత యెత్తుండవలెనో తెలుపు గీతగల పాలరాతి పలకలను 1680వ దశకమున ఎనిమిది లాకులలో పొదిగించెను. నాటి కొలతయే నేడు ఐరోపాలో అనేక దేశముల ఎత్తులను కొలుచుటకు ఆధారము. నగరసభామందిరము క్రింద దాని గుర్తుగా ఇత్తడి మొలయు, ప్రక్కనే నీటితో నిండిన మూడు గాజు స్తంభములును ఉన్నవి. రెండు స్తంభములలోని నీరు రెండు రేవులలో ఆ క్షణమందలి సముద్రపు మట్టమును చూపుచు ఎక్కుచు దిగుచుండును. మూడవదానిలో నీరు కదలదు. అది ప్రామాణికమునకు 4.55 మీటర్ల ఎత్తున, మా తలలపై నెంతో ఎత్తుగా నిలిచియున్నది. 1953 జనవరి 31 రాత్రి తెల్లవాఱునప్పటికి దేశపు నైరృతిభాగమున కట్టలు తెగి 1,836 మంది మరణించిన ఉప్పెన గుర్తది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నా భార్యకు పదునేడేండ్లు. పెడనకు సముద్రము రాలేదు. వార్తలు వచ్చినవి, పిదప బండ్లమీద మనుష్యులు వచ్చిరి. ఆమె ఆ స్తంభము నెదుట చాలసేపు నిలిచి, “ఏమండీ, వీరు ఆ నీటిని మఱచిపోకుండ నిలిపి యుంచుకొన్నారు” అని మెల్లగా అనెను.

ఇంత పనికి సొమ్మెవరిదని ఆమె మఱునాడు అడిగినది. ఇది మన గ్రామపెద్దలు తప్పక వినదగిన విషయము. ఆ దేశమున నీటిసంఘములని యున్నవి. కొన్ని పదుమూడవ శతాబ్దము నాటివి. రాజ్యమే యింకను ఏర్పడనప్పటివి. ఇప్పుడు 21 సంఘములు గలవు. నాలుగేండ్ల కొకసారి జనులు ఓట్లువేసి వాని సభ్యులలో అత్యధికుల నెన్నుకొందురు. ప్రభుత్వపు పన్నులతో నిమిత్తము లేకుండ ఈ సంఘములు తమ పన్ను తాము విధించి, కట్టలకు, పంపులకు, మురుగునీటి శుద్ధికి వ్యయపఱచును. పొలమున్న రైతే కాదు, మూడవ అంతస్తులో ఒక్క గదిలో నుండువాడును చెల్లింపవలసినదే. కట్ట తెగినచో వానికిని మెట్టు లుండవు గదా.

పూర్వకాలమున ప్రతి రైతునకును కట్టలో ఇంత భాగమని పంచియుండెడివారు. తన భాగమును బాగుచేయుట కోపిక లేనివాడు, అందు తన పాఱను గ్రుచ్చి, భూమిని విడిచి వెడలిపోవలెను. ఆ పాఱను పెఱికినవానికి భూమియు, దానితో కట్ట బాధ్యతయు సంక్రమించెడివి. కఠినమైన చట్టమే. అయినను మన కుడిమరామత్తు, ఇంటికొక మనిషి చొప్పున చెఱువు పూడిక తీసిన ఆ కట్టుబాటు, ఏ జాతికి చెందినదో ఇది కూడ ఆ జాతిదే. మనది సడలినది. 1997లో ఆంధ్రప్రదేశమున చట్టముచేసి నీటి వినియోగదారుల సంఘములు పెట్టినప్పుడు నేను పనిలో నుంటిని. ఎన్నికల ఉత్సాహము చూచితిని, బోదె చివర రైతు మాట ఎంత వినబడెనో కూడ చూచితిని. దానిని గూర్చి యింకొకసారి.

ఆ నగరము నిర్భయముగా నున్నదని తలపకుడు. గుఱ్ఱపుబండ్లకును బరువు పడవలకును కట్టిన గట్టుగోడలమీద నేడు లారీలు పోవుచున్నవి. 2020 సెప్టెంబరు 1న ఖ్రిమ్‌బుర్గ్‌వాల్ అను కాలువ గట్టు ఒక్కసారిగా కూలి నీటిలో పడినది. అదృష్టవశమున ఎవరికిని హాని కలుగలేదు. ఇట్టి పాతగోడలు రెండువందల కిలోమీటర్ల మేర పరీక్షింపవలసియున్నవి. మేము పోయినప్పుడు పెక్కు చోట్ల ఉక్కు పలకలు దిగగొట్టి గోడకు ఊతమిచ్చియుండిరి. యాత్రికుల ఒత్తిడియు నట్టిదే. 2024 నుండి బసకు చెల్లించు సొమ్ముమీద నూటికి పండ్రెండున్నర వంతున నగరపు పన్ను గైకొనుచున్నారు. మేమును చెల్లించితిమి. మా వంటివారు వేలాదిగా త్రొక్కుచున్న గట్టు మరమ్మతునకైనచో అది న్యాయమే యనిపించినది.

మేడలను గుంజలు మోయుచున్నవి. మేడలు కట్టిన సొమ్ము ఎచటిది? పాతనగరములో 1606లో కట్టిన ఈస్టిండియా కంపెనీ భవనమున్నది. నేడందు విశ్వవిద్యాలయపు తరగతులు జరుగుచున్నవి. ఆ కంపెనీ 1602లో స్థాపితమై, 1605లోనే మచిలీపట్నమున వర్తకశాల పెట్టినది. పిమ్మట నిజాంపట్టణము, పులికాటు, పాలకొల్లు, భీమునిపట్టణములలో వారి స్థావరము లేర్పడినవి. మలుకు ద్వీపములలో లవంగములు, జాజికాయలు కొనవలెనన్న అచటి జనులు అడిగినది మన తీరపు బట్ట. బట్ట యిచ్చి సుగంధద్రవ్యము కొని, దానిని ఆమ్‌స్టర్‌డాములో అమ్మిరి. 1612లో ఆ కంపెనీ యుద్యోగి హెన్‌డ్రిక్ బ్రౌవర్, కోరమాండల్ తీరము ఆ ద్వీపములకు ఎడమచేయి వంటిదని వ్రాసెను. చేయి ఎవరిదో ఆయన వ్రాయలేదు, నేతగాండ్రది, అద్దకపువారిది.

బట్టయే కాదు, మనుష్యులును ఓడలెక్కిరి. పదునేడవ శతాబ్దమున కఱవులు, యుద్ధములు వచ్చిన యేండ్లలో ఈ తీరమున అమ్ముడుపోయిన పేదలను ఆ కంపెనీ ఓడలు బటావియా మొదలగు రేవులకు బానిసలుగా గొనిపోయినవి. పశ్చిమాన ఆఫ్రికావాసులను గొనిపోయినది వేఱొక కంపెనీ. 2021 జూలై 1న ఆ నగరాధ్యక్షురాలు ఫెమ్కె హాల్సెమా బానిసవ్యాపారములో నగరమునకు గల పాత్రకై బహిరంగముగా క్షమాపణ చెప్పినది. 2023లో అదే తేదీన రాజు విల్లెమ్ అలెగ్జాండరును చెప్పెను. పెద్దమనుష్యుల కాలువ గట్టున నున్న నగరాధ్యక్షుని అధికారభవనము ఒకప్పుడు బానిసవ్యాపారముతో సంబంధముగల వర్తకునిది. ఆ సంగతి తెలుపు రాతిని 2006లో వాకిటిముందు నేలలో పొదిగిరి. పడవలోనుండి ఆ మేడను చూచి మెచ్చుకొనువారికి ఆ రాయి కనబడదు. నడచిపోవలెను.

చివరి దినమున ఒక వస్తుప్రదర్శనశాలకు పోయితిమి. డచ్చివారు సిట్సు అనియు మనవారు చీటీ అనియు పిలుచు అద్దకపు గుడ్డలు అచట గాజుపెట్టెలలో నున్నవి. పదునెనిమిదవ శతాబ్దమున ఉత్తరమున ఫ్రీస్లాండు స్త్రీలు వానితో పొడుగు అంగీలు కుట్టించుకొనెడివారు. ఒక అంగీ ముందర నా భార్య ఆగినది. ఎఱుపు చిరివేరుదనియు, దానికి ముందు కరక్కాయ పాలు పట్టించి పటిక వ్రాసియుందురనియు, నలుపు బెల్లమును ఇనుమును పులియబెట్టిన కసిమి యనియు, నీలిరంగు వచ్చునప్పుడు తక్కినదానికంతకు మైనము పూసియుందురనియు, పాఠము వలె నాకు చెప్పెను. పెట్టె ప్రక్క నున్న చీటిలో తీరము పేరును శతాబ్దమును ఉన్నవి. చేసినవాని పేరు లేదు. మేలైన అద్దకమైనచో రంగు వెనుకకును దిగవలెను, పనివాని నేర్పు అచటనే తెలియును. కావున ఆమె అచటి కావలివానిని, గుడ్డను త్రిప్పి వెనుకవైపు చూపుట కగునా యని అడిగింపుమనెను. నేనడిగితిని. పెట్టె తెఱచుటకు వీలులేదని అతడు వినయముతో చెప్పెను.